ఫోర్ వన్ నైన్: ఒక సెక్షన్ నంబరు మోసానికి పేరైన వైనం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన దగ్గర ఎవరినైనా చూపించి "వాడొట్టి ఫోర్ ట్వంటీ" అంటే ఇంక వివరించాల్సిన పని ఉండదు. భారత శిక్షాస్మృతి మొహం చూడనివాళ్లు కూడా ఆ నంబరు వాడేస్తారు. నైజీరియా నగరాలైన లాగోస్‌లో, పోర్ట్ హార్‌కోర్ట్‌లో అదే పని చేసే నంబరు ఇంకోటుంది. "ఫోర్ వన్ నైన్". "మీకు మిలియన్ల డాలర్లు రావాల్సి ఉంది, ముందు కొంచెం ఖర్చులు పంపండి" అని మెయిల్లో వచ్చే మోసానికి ఇప్పుడు ప్రపంచమంతా వాడే పేరు అదే. ఆ నంబరు ఎక్కడిది, ఆ ఉత్తరం లోపల పని ఎలా నడుస్తుంది అన్నవి చెబుతాను. తర్వాత మెయిల్ హెడర్, అంటే మెయిల్ ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చెప్పే వరసలు, చదవడం, ఫిర్యాదు రాయడం చూద్దాం.

ముందు సెక్షన్ సంగతి. నైజీరియా క్రిమినల్ కోడ్‌లో 38వ అధ్యాయం అబద్ధం చెప్పి ఆస్తి రాబట్టుకోవడం గురించి. 418 నిర్వచనం, 419 శిక్ష. మాటతో గానీ, రాతతో గానీ, నడతతో గానీ ఒక విషయం ఉన్నట్టు చూపించాలి. అది జరిగిపోయినదో, ఇప్పుడు ఉన్నదో అయి ఉండాలి. అది అబద్ధమై ఉండాలి, అబద్ధమని చెప్పేవాడికి తెలిసి ఉండాలి, లేదా నిజమన్న నమ్మకం వాడికే లేకుండా ఉండాలి. అలాంటి మాటతో, మోసగించే ఉద్దేశంతో, దొంగిలించడానికి వీలైన దేన్నయినా రాబట్టుకుంటే మూడేళ్ల జైలు. విలువ 1,000 నైరాలు (నైజీరియా డబ్బు), ఆపైన అయితే ఏడేళ్లు.

ఇందులో రెండు మాటల దగ్గర ఆగుదాం. మొదటిది, "జరిగిపోయినదో, ఇప్పుడు ఉన్నదో". "రేపు నీకు లాభం వస్తుంది" అన్నది వాగ్దానం. "నేను సెంట్రల్ బ్యాంకులో డైరెక్టర్ని, ఫలానా ఖాతాలో 21.5 మిలియన్ డాలర్లు పడి ఉన్నాయి" అన్నది ఇప్పుడున్న విషయం. సెక్షన్ పట్టుకునేది రెండోదాన్ని. అనుమానపు మెయిల్ చేతికొచ్చినప్పుడు ఒక పెన్ను తీసుకుని ఇలాంటి వాక్యాలు ఒక్కొక్కటీ గీత గీసి చూడండి. హోదా, ఖాతా, చనిపోయిన మనిషి, తేదీ. వాగ్దానాలన్నీ తీసేస్తే మిగిలే ఈ నాలుగైదు ముక్కల మీదే కథంతా నిలబడి ఉంటుంది, పరిశీలించి చూడడానికి వీలైనవీ అవే. మన దగ్గర కూడా మోసం కేసు అనగానే కోర్టు మొదట అడిగేది, మాట ఇచ్చిన రోజునే మోసపు ఉద్దేశం ఉందా లేదా అనే.

రెండోది, ఒప్పందం ద్వారా తీసుకున్నా సరే నేరం నేరమే అని ఆ సెక్షన్ విడిగా చెబుతుంది. ఇది అనవసరంగా పెట్టింది కాదు. ఈ మోసంలో స్టాంపు పేపర్లు, ఒప్పంద పత్రాలు, అఫిడవిట్లు బోలెడు వస్తాయి. "సంతకం నేనే పెట్టాను కదా, ఇంకేం అంటాను" అని బాధితుడు వెనక్కి తగ్గుతాడు. చట్టం ఆ సాకును ముందే కొట్టేసింది.

ఇప్పుడు చాలామందికి వచ్చే అనుమానం. 419, 420 పక్కపక్క నంబర్లు కదా, ఇంగ్లీషువాడు ఒకే పుస్తకం రెండు దేశాలకూ అంటగట్టాడా? లేదు. మన శిక్షాస్మృతి మెకాలే ముసాయిదా నుంచి వచ్చింది. 1860లో చట్టమైంది, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. నైజీరియా కోడ్ మూలం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్. శామ్యూల్ గ్రిఫిత్ రాసిన 1899 నాటి కోడ్ అది. దాని నమూనాను 1904లో బ్రిటిష్ పాలకుడు లుగార్డ్ ఉత్తర నైజీరియాలో ప్రవేశపెట్టాడు, 1916లో దేశమంతటికీ చేశారు. 1960లో ఉత్తర రాష్ట్రాలు దాన్ని వదిలేసి వేరే పీనల్ కోడ్ తెచ్చుకున్నాయి. అది సూడాన్ చట్టాన్ని చూసి రాసింది. సూడాన్ చట్టమేమో మన శిక్షాస్మృతిని చూసి రాసింది! అంటే ఉత్తరాదిలోని కానో నగరంలో మోసం కేసు పెడితే అది మన 420కి దగ్గరి చుట్టం. 419 అసలు వర్తించేది దక్షిణాది రాష్ట్రాల్లోనే. పేరు మాత్రం దేశమంతా పాకింది. ఇంకో కాకతాళీయం చూడండి. మన పాత శిక్షాస్మృతిలో 419 కూడా మోసమే, వేరే మనిషినని నమ్మించి చేసే మోసం. దానికీ శిక్ష మూడేళ్ల వరకే.

నైజీరియన్ల నోట ఈ నంబరు ఈమెయిల్‌కి పరిమితం కాదు. నకిలీ మందులు అమ్మితే ఫోర్ వన్ నైన్. ఓట్లకు ముందు ఒకటి చెప్పి తర్వాత ఇంకోటి చేస్తే అదీ ఫోర్ వన్ నైన్. లాగోస్ వీధుల్లో ఇళ్ల గోడల మీద పెద్ద అక్షరాలతో "ఈ ఇల్లు అమ్మకానికి లేదు, 419తో జాగ్రత్త" అని పెయింటుతో రాసి ఉంటుంది. యజమాని ఊళ్లో లేనప్పుడు ఇంకెవడో తానే యజమానినని చెప్పి ఇల్లు చూపించి, అడ్వాన్సు పుచ్చుకుని మాయమవుతాడు. అందుకే ఆ రాత. ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్ట్రేషన్ అయిన గొడవలు చూసిన మనకు ఇది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇక ఉత్తరం సంగతి. ఈ ఉత్తరం నైజీరియాలో పుట్టలేదు. ఒకప్పుడు దొంగ, తర్వాత పారిస్ పోలీసు అయిన విడాక్ 1830లలోనే "జెరూసలేం ఉత్తరాలు" అని ఒక జైలు పరిశ్రమ గురించి రాశాడు. ఖైదీలు జైల్లోంచే డబ్బున్నవాళ్లకు ఉత్తరాలు రాసేవాళ్లు. మా దొరగారు పారిపోతూ నగల పెట్టె ఫలానా చోట దాచారు, దారి ఖర్చులు పంపితే చూపిస్తాం అని. ఆ శతాబ్దం చివర్లో ఇదే "స్పానిష్ ఖైదీ" అయింది. స్పెయిన్ జైల్లో ఒక పెద్దమనిషి మగ్గుతున్నాడు. ఆయన సామాను కోర్టు జప్తులో ఉంది. పెట్టెలో రహస్య అరలో డబ్బు రసీదు ఉంది. కోర్టు ఖర్చులు కడితే పెట్టె వస్తుంది, పెట్టె వస్తే రసీదు, రసీదు వస్తే సొమ్ము. ఆయనకో కూతురు కూడా ఉంటుంది, పాపం. 1898లో న్యూయార్క్ టైమ్స్ దీని గురించి రాస్తూ, పాత మోసం మళ్లీ మొదలైందనే అంది.

నైజీరియా రికార్డుల్లో తొలి ఆనవాలు 1920 డిసెంబరు 18. లాగోస్ మెరైన్ డిపార్ట్‌మెంట్‌లో ఒకప్పుడు పనిచేసిన పి. క్రెంట్‌సిల్ అనే మనిషి, ఇప్పటి ఘనా అయిన గోల్డ్ కోస్ట్‌లోని ఒకరికి ఉత్తరం రాశాడు. తన దగ్గర మంత్రశక్తులున్నాయి, రుసుము పంపితే ప్రయోగిస్తానని. కింద "అద్భుతాల ప్రొఫెసర్" అని సంతకం. చరిత్రకారుడు స్టీఫెన్ ఎల్లిస్ ఈ కేసును బయటికి తీశాడు. పోలీసులు పెట్టిన సెక్షన్లలో 419 కూడా ఉంది. మేజిస్ట్రేటు ఒక ఆరోపణ మీద మందలించి వదిలేశాడు, మిగతావి సాక్ష్యం చాలక కొట్టేశాడు. ముందుగా రుసుము, తర్వాత అద్భుతం అన్న క్రమం అప్పటికే తయారుగా ఉందన్నమాట.

మరి ఇది పరిశ్రమ స్థాయికి 1980లలోనే ఎందుకు వెళ్లింది? దీనికి సమాధానం చమురు ఖాతాల్లో ఉంది. 1970ల చమురు డబ్బుతో ప్రభుత్వం విపరీతంగా కాంట్రాక్టులిచ్చింది. 1975లో అవసరానికి ఎన్నో రెట్లు సిమెంటు ఆర్డరు చేస్తే, ఆ ఓడలు దిగుమతికి చోటు లేక లాగోస్ రేవు బయట నెలల తరబడి నిలబడ్డాయి. ఎక్కువ బిల్లు వేసిన కాంట్రాక్టు, లెక్కకు రాని మిగులు డబ్బు అన్నది అక్కడ కట్టుకథ కాదు, రోజూ పేపర్లో చదివే వార్త. తర్వాత చమురు ధర పడిపోయింది. 1986లో ఆర్థిక సర్దుబాటు కార్యక్రమం వచ్చింది, నైరా విలువ కూలింది. చదువుకుని, ఇంగ్లీషు వచ్చి, పని దొరకని యువకులు వేలల్లో మిగిలారు. నమ్మదగ్గ కథ ఒకవైపు, రాయగల చేతులు ఒకవైపు. మొదట దొంగ స్టాంపులంటించిన ఎయిర్‌మెయిల్ కవర్లు, ఆ తర్వాత టెలెక్స్, ఫ్యాక్స్. చిరునామాలు వ్యాపార డైరెక్టరీల నుంచి. 1990ల చివర్లో సైబర్ కేఫ్‌లు వచ్చాక స్టాంపు ఖర్చు కూడా పోయింది. ఉచిత యాహూ మెయిల్‌తో పనిచేశారు కాబట్టి కుర్రాళ్లకు "యాహూ బాయ్స్" అని పేరొచ్చింది. వాళ్ల మాటల్లో మోసపోయేవాడు "మాగా" లేదా "ముగూ", పైన నడిపించేవాడు "ఓగా", రాసి పెట్టుకున్న నమూనా ఉత్తరం "ఫార్మాట్".

1998 జూన్ 8న సైనిక పాలకుడు సాని అబాచా చనిపోయాడు. ఆ తర్వాత ఆయన భార్య పేరుతో ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఇక్కడా అదే సూత్రం. అబాచా దోచిన సొమ్ము నిజంగానే విదేశీ బ్యాంకుల్లో ఉంది. స్విట్జర్లాండ్ ఒక్కటే వందల మిలియన్ల డాలర్లు నైజీరియాకు తిరిగి ఇచ్చింది. ఉత్తరం రాసేవాడు అబద్ధాన్ని నిజమైన వార్త పక్కన పెడతాడు. విమాన ప్రమాదంలో చనిపోయిన విదేశీయుడి కథ చెప్పేటప్పుడు ఆ ప్రమాదం మీద అసలు వార్త లింకు ఇస్తాడు. లింకు నొక్కి చూస్తే ప్రమాదం నిజమే! ప్రమాదం నిజమైనంత మాత్రాన ఖాతా నిజం కాదు కదా, కానీ చదివేవాడు ఆ గడప దాటేసి ఉంటాడు.

ఇప్పుడు ఒక పాతకాలపు ఫార్మాట్‌ను దగ్గర్నుంచి చూద్దాం. పైన "అత్యవసరం, పూర్తిగా రహస్యం" అని ఉంటుంది. రాసేది నైజీరియన్ నేషనల్ పెట్రోలియం కార్పొరేషన్ ఉద్యోగి. ఎక్కువ బిల్లు వేసిన కాంట్రాక్టులో మిగిలిన డబ్బు సెంట్రల్ బ్యాంకులో ఆగి ఉంది. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి తనకు విదేశీ ఖాతా ఉండకూడదు, అందుకే మీ ఖాతా కావాలి. పంపకం 30 శాతం మీకు, 60 శాతం మాకు, 10 శాతం ఖర్చులకు. కంపెనీ లెటర్‌హెడ్ ఖాళీ కాగితాలు, బ్యాంకు వివరాలు, ఫోను నంబరు పంపండి.

ఆ 10 శాతం చూశారా? దాన్ని ఎవరూ పట్టించుకోరు. నా ఉద్దేశంలో ఉత్తరం మొత్తంలో అతి ముఖ్యమైన అంకె అదే. 30 శాతం ఆశ పెట్టడానికి. 10 శాతం మాత్రం, "ఖర్చులనేవి ఉంటాయి" అన్న ఆలోచనను మొదటి రోజే మెదడులో నాటుతుంది. రెండు వారాల తర్వాత మొదటి ఖర్చు అడిగినప్పుడు అది కొత్తగా అనిపించదు. తర్వాత కథలో వారసత్వ పన్ను, లాయరు ఫీజు, డబ్బు మంచి మార్గంలో వచ్చిందన్న క్లియరెన్స్ సర్టిఫికెట్, సెక్యూరిటీ కంపెనీలో పెట్టె నిల్వ ఉన్నందుకు డెమరేజి, ఇలా వస్తాయి. మన దగ్గరికి వచ్చేసరికి ఢిల్లీ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, డాలర్లను రూపాయల్లోకి మార్చే చార్జీ అయ్యాయి.

మొత్తాలు పెరిగే తీరు ఉదాహరణకి ఇలా అనుకోండి. మొదట 18,500. తర్వాత 47,000. తర్వాత 1,12,000. మూడోదాని దగ్గర మనిషి లెక్క వేసేది 1,12,000 గురించి కాదు. ఇప్పుడు ఆపేస్తే ముందు కట్టిన 65,500 పోతుంది, కడితే కోట్లు వస్తాయి అని. ప్రతి మెట్టు దగ్గరా ఇంట్లో దాచిన మొత్తం పెరుగుతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకి చెప్పడం కూడా కష్టమవుతూ పోతుంది. మోసగాడు కోరేది ఆ కోట్లలో వాటా కాదు, ఈ రుసుములే వాడి రాబడి. రుసుమును వచ్చే సొమ్ములోనే మినహాయించుకోండి అని అడిగి చూడండి. ఎందుకు కుదరదో చెప్పడానికి వాడు రెండు పేజీలు రాస్తాడు. నిజమైన వారసత్వంలో, నిజమైన బీమాలో మినహాయింపులు చెల్లింపులోంచే పోతాయి.

రెండో పని, నోరు కట్టెయ్యడం. పాత ఉత్తరం మిమ్మల్ని పిలిచేది దొంగ కాంట్రాక్టు డబ్బు దాటించడానికి. అంటే మీరూ తప్పులో భాగస్వాములు. పోలీసు స్టేషన్ మెట్లెక్కి ఏమని చెబుతారు? ఇప్పటి లాటరీ, ప్రేమ, పార్సిల్ కథల్లో ఈ ముడి లేదు, దాని బదులు సిగ్గు ఉంది. దాన్ని కూడా వాళ్లు వదలరు. ఆరు నెలలాగి, "మీలాంటి బాధితులకు డబ్బు తిరిగి ఇప్పిస్తున్నాం" అని నైజీరియా ఆర్థిక నేరాల కమిషన్ పేరుతోనో, రిజర్వు బ్యాంకు పేరుతోనో ఇంకో మెయిల్ వస్తుంది. ఒకసారి కట్టినవాడి పేరు జాబితాలో ఖరీదైన పేరు.

ఇంత నమ్మశక్యం కాని కథ ఎందుకు రాస్తారు, నైజీరియా అని ఎందుకు చెప్పుకుంటారు, కనీసం తప్పుల్లేకుండా రాయొచ్చు కదా అని అందరూ నవ్వుతారు. 2012లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కి చెందిన కోర్మాక్ హెర్లీ సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక పత్రం రాశాడు. మెయిల్ పంపడానికి ఖర్చు లేదు. ఖర్చంతా జవాబు వచ్చాకే. ఒక్కో జవాబు వెనక ఒక మనిషి వారాల తరబడి కూర్చుని మెయిళ్లు రాయాలి, ఫోన్లు చేయాలి. లక్ష మెయిళ్లకు వెయ్యి జవాబులొచ్చి, వాళ్లలో 990 మంది మూడో వారంలో అనుమానం వచ్చి తప్పుకుంటే మోసగాడు దివాలా తీస్తాడు. అదే లక్షకు 20 జవాబులే వచ్చి, అందులో 8 మంది కట్టేవాళ్లయితే లాభం. అంకెలు నేను ఉదాహరణకి వేసినవి, వాదన హెర్లీది. కాబట్టి ఆ వింత కథ జల్లెడ. అది చదివి నవ్వి తీసేసేవాళ్లంతా మొదటి నిమిషంలోనే పోవాలని వాడి కోరిక. పొరపాట్లన్నీ కావాలని చేసినవేనని నేననను, చాలావాటికి కారణం తొందరే. కానీ వాటిని దిద్దుకోవాల్సిన అవసరం వాడికి లేదు.

అలాగని పడిపోయేది అమాయకులే అనుకోవద్దు. 1995 నుంచి 1998 మధ్య బ్రెజిల్‌లోని బాంకో నోరోయెస్తే బ్యాంకు ఉన్నతాధికారి నెల్సన్ సకగుచి, నైజీరియా రాజధాని అబుజాలో కొత్త విమానాశ్రయం కడుతున్నారన్న మాట నమ్మి బ్యాంకు సొమ్ము పంపించాడు, వడ్డీతో కలిపి మొత్తం దెబ్బ 242 మిలియన్ డాలర్లు. అవతల సెంట్రల్ బ్యాంకు గవర్నర్‌గా మాట్లాడింది ఇమ్మాన్యుయెల్ న్వుడే. విమానాశ్రయం లేనే లేదు. బ్యాంకును వేరేవాళ్లు కొనడానికి వచ్చి లెక్కలు చూస్తే గానీ బయటపడలేదు. 2005లో న్వుడేకి శిక్ష పడింది. ఆ కేసు నడిపింది 2003లో మొదలైన ఆర్థిక నేరాల కమిషన్, అప్పటి అధిపతి నుహు రిబాడు.

ఇంకో ముక్క. నంబరు 419 అయినా ఇలాంటి కేసులు ఇప్పుడు నడిచేది ఎక్కువగా ఆ సెక్షన్ కింద కాదు. 1995లో సైనిక ప్రభుత్వం ముందస్తు రుసుము మోసాల మీద ప్రత్యేక డిక్రీ తెచ్చింది. దాని స్థానంలో 2006 చట్టం వచ్చింది. శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం 20, జరిమానాతో తప్పించుకునే వీల్లేదు. అబద్ధపు ఉత్తరం ముసాయిదా తెలిసి తెలిసి దగ్గర పెట్టుకున్నా నేరప్రయత్నమే. సైబర్ కేఫ్‌లు కమిషన్ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ దేశంలో తొంభై తొమ్మిది పాళ్లు ఈ పేరు వల్ల వీసా క్యూల్లో, బ్యాంకు కౌంటర్ల దగ్గర ఇబ్బంది పడేవాళ్లే. ఈ పనికి ఘనాలో "సకవా" అనీ, ఐవరీ కోస్ట్‌లో చేసేవాళ్లకు "బ్రూతర్" అనీ వేరే పేర్లున్నాయి. దొంగ కాల్ సెంటర్ల విషయంలో మన దేశం పేరూ తక్కువేం మోగడం లేదు.

ఫిషింగ్‌కీ దీనికీ తేడా ఒక్క మాటలో చెప్పి ముందుకెళతాను. 1990ల మధ్యలో అమెరికా ఆన్‌లైన్ ఖాతాల పాస్‌వర్డులు కాజేసే కుర్రాళ్లు పెట్టిన పేరు ఫిషింగ్. అక్కడ తాళంచెవి దొంగిలిస్తారు. 419లో తాళం మీరే తీసి ఇస్తారు. అందుకే యాంటీవైరస్ దీన్ని పట్టదు. మెయిల్లో వైరసూ ఉండదు, పాస్‌వర్డు కాజేసే దొంగ లింకూ ఉండదు.

హెడర్‌కి వద్దాం. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి, "షో ఒరిజినల్" ఎంచుకోండి. మొదట చూడాల్సింది "ఫ్రమ్" ఒకటై, "రిప్లై-టు" ఇంకోటి ఉందా అని. ఫ్రమ్‌లో ఏదో విశ్వవిద్యాలయం చిరునామా, రిప్లై-టులో ఉచిత మెయిల్ చిరునామా ఉంటే, విశ్వవిద్యాలయం ఖాతాను హ్యాక్ చేసి మెయిళ్లు వదిలారనుకోవచ్చు. ఆ ఖాతా రేపు మూసేసినా జవాబులు వాడికి చేరాలి కదా, అందుకే రెండో చిరునామా. తర్వాత "రిసీవ్డ్" వరసలు. వీటిని కింద నుంచి పైకి చదవాలి. ప్రతి సర్వరు తన ముద్ర పైన వేసుకుంటూ పోతుంది. అన్నిటికంటే పైన ఉన్నది మీ సర్వరు వేసింది, దాన్ని నమ్మొచ్చు. కిందివి పంపినవాడు అల్లినవి కావచ్చు. ఆ తర్వాత ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఫలితాలు. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే, అంటే చిరునామాలో @ తర్వాత ఉన్న పేరు నుంచే వచ్చిందా అని సర్వరు చేసే తనిఖీలివి. ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. మూడూ "పాస్" అని ఉంటే మెయిల్ నిజమైనదని కాదు. ఆ డొమైన్ నుంచే వచ్చిందని, అంతే. మోసగాడు తన సొంత జీమెయిల్ నుంచి పంపితే మూడూ శుభ్రంగా పాసవుతాయి. అవి చిరునామాకి హామీ, మనిషికి కాదు.

ఇప్పుడు అసలు నష్టం జరుగుతున్నది వ్యాపార మెయిళ్లలో. అమెరికా ఎఫ్‌బీఐ లెక్క ప్రకారం 2023లో అక్కడ ఈ రకం ఫిర్యాదుల నష్టం 2.9 బిలియన్ డాలర్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో హష్‌పప్పీగా పేరుపడ్డ రామన్ అబ్బాస్‌కి 2022లో లాస్ ఏంజెలెస్ కోర్టు 11 ఏళ్లు దాటి శిక్ష వేసింది, ఇలాంటి వాటికే. పద్ధతి చెబుతాను. గుంటూరు నుంచి మిర్చి పంపే ఎగుమతిదారు, విదేశంలో కొనుగోలుదారు. ఇద్దరిలో ఒకరి మెయిల్ పాస్‌వర్డు పోయింది. మోసగాడు వెంటనే ఏమీ చేయడు. ఇన్‌వాయిస్, పేమెంట్ అన్న మాటలున్న మెయిళ్లు తనకీ వెళ్లేట్టు ఒక ఫార్వర్డింగ్ రూలు పెట్టి కూర్చుంటాడు. కంటైనరు బయల్దేరి, డబ్బు పంపే రోజు వచ్చినప్పుడు ఎగుమతిదారు పేరుతో మెయిల్. "ఆడిట్ వల్ల మా ఖాతా ఆపారు, ఈ కొత్త ఖాతాకి పంపండి." చిరునామాలో ఎం అక్షరం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటాయి. ఫోన్ తెర మీద రెండూ ఒకటే. బ్యాంకు వివరాలు మారాయన్న మెయిల్ ఎప్పుడొచ్చినా, ఆ మెయిల్లో ఉన్న నంబరుకి కాదు, మీ పాత పుస్తకంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో మాట్లాడాకే పంపాలి. పాస్‌వర్డు మార్చితే సరిపోదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూసి ఆ రూలు తీసెయ్యాలి. లేకపోతే కొత్త పాస్‌వర్డు తర్వాత కూడా మెయిళ్లు వాడికి పోతూనే ఉంటాయి.

అమెరికాలో చదువుకునే మన పిల్లలకు వచ్చేది వేరే రకం. పార్ట్‌టైం ఉద్యోగమని మెయిల్, సామాన్లు కొనడానికని బ్యాంకే ఇచ్చినట్టు కనిపించే క్యాషియర్స్ చెక్కు. బ్యాంకులో వేస్తే మర్నాడే డబ్బు ఖాతాలో కనిపిస్తుంది. అది బ్యాంకు చట్టప్రకారం ముందుగా వాడుకోనిచ్చిన డబ్బు, చెక్కు పాసయిందని కాదు. మిగిలింది ఫలానా వాళ్లకి పంపమంటారు. రెండు వారాలకు చెక్కు నకిలీదని తేలుతుంది, పంపినదంతా పిల్లవాడి అప్పు.

నల్ల డాలర్ల సంగతి కూడా ఇదే కుటుంబం, హైదరాబాద్ పోలీసులు ఈ ముఠాల్ని ఎన్నోసార్లు పట్టుకున్నారు. ఇవి నల్ల రంగు వేసిన నోట్లు, రసాయనంతో కడిగితే అసలు డాలర్లు అంటారు. చూపించే ఒకటి రెండు నోట్లు అసలువే. వాటికి ముందు జిగురు పూసి, పైన టించర్ అయోడిన్ రాస్తారు. నల్లబడుతుంది. కడిగే "ఖరీదైన రసాయనం" విటమిన్ సి మాత్రలు కలిపిన నీళ్లు. అయోడిన్ రంగు విటమిన్ సి తగలగానే విరిగిపోతుంది. మిగతా కట్టలన్నీ నల్ల కాగితాలు. అడిగే రుసుము ఆ రసాయనానికి.

ఇక ఫిర్యాదు. డబ్బు పంపి గంటలే అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో నమోదు చేయండి. సొమ్ము ఖాతాలు మారే లోపు ఆపగలిగితేనే ఉపయోగం. విదేశానికి బ్యాంకు ద్వారా వెళ్లి ఉంటే బ్రాంచిలో రీకాల్ సందేశం, అంటే డబ్బు వెనక్కి ఇమ్మని అవతలి బ్యాంకును కోరే సందేశం, పంపమని అడగండి. బ్యాంకుల మధ్య సందేశాలు నడిపే స్విఫ్ట్‌లో పాత పద్ధతి ప్రకారం దాని పేరు ఎంటీ 192, కొత్త పద్ధతిలో క్యామ్ట్ 056. పేరు పెట్టి అడిగితే కౌంటర్లో పని త్వరగా కదులుతుంది. లాటరీలకు, ఊహాజనిత సొమ్ము ఆఫర్లకు విదేశాలకు డబ్బు పంపడం అసలు నిషిద్ధమని రిజర్వు బ్యాంకు 2010లోనే బ్యాంకులకు సర్క్యులర్ ఇచ్చింది. ఆ వసూళ్లకు తన ఖాతా వాడుకోనిచ్చినవాళ్ల మీద కూడా చర్య ఉంటుంది, కాబట్టి "కమీషన్ ఇస్తాం, ఖాతా ఇవ్వు" అన్నవాడికి దూరంగా ఉండమని పిల్లలకు చెప్పండి.

సాక్ష్యంగా స్క్రీన్‌షాట్ చాలదు, దానిలో హెడర్ ఉండదు. మెయిల్‌ను ఫార్వర్డ్ చేసినా పాత హెడర్ పోతుంది. "డౌన్‌లోడ్ మెసేజ్" నొక్కి ఈఎంఎల్ ఫైలుగా దాచండి. ఫిర్యాదులో కట్టిన ప్రతి మొత్తానికీ తేదీ, లావాదేవీ నంబరు, ఏ ఖాతాకి, ఏ కారణం చెప్పి అడిగారు అన్నది విడి వరుసలో రాయండి. ఈ తేదీలకు ఇప్పుడు ఇంకో ప్రాధాన్యం వచ్చింది. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆ రోజుకి ముందు జరిగినదానికి పాత 419, 420. తర్వాత జరిగినదానికి వేరే మనిషినని నమ్మించినందుకు 319(2), అయిదేళ్ల వరకు. మోసగించి సొమ్ము ఇప్పించుకున్నందుకు 318(4), ఏడేళ్ల వరకు. రెండు సందర్భాల్లోనూ ఐటీ చట్టంలోని 66డి కలుస్తుంది, మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. రుసుములు ఏడాది పొడుగునా కట్టించుకునే మోసం కాబట్టి, కొన్ని చెల్లింపులు ఆ తేదీకి ఇటు, కొన్ని అటు పడే కేసులున్నాయి. అందుకే ఒక్క మొత్తంగా కలిపి రాయొద్దు, వరస వరసగా రాయండి. ప్రశ్నలుంటే అడగండి.